మోటారు తిరిగిన చాలునా? : విద్యుత్పనివాని యోగ్యతా పరీక్షను గూర్చి



మన సంఘ సభ్యులలో బావికో బోరుకో మోటారు లేనివారు నేడు అరుదు. మోటారు చెడినయెడల ఊరిలో పేరుగల మేస్త్రిని పిలుతుము. అతడు వచ్చి డబ్బా విప్పును, నాలుగు మరలు బిగించును, మోటారు తిరుగును, నీరు పడును. మనమతనికి కూలి యిచ్చి పంపుదుము. మన యాలోచన అంతటితో ముగియును. ఆ పనికి అతడు యోగ్యుడని యెవరు పరీక్షించిరి, ఎవరు పత్రమిచ్చిరి యని యడిగిన రైతును మేమింతవరకు చూచి యెరుగము. మేమును అడిగినవారము కాము. అడుగనందువలన మాకు కలిగిన నష్టమును మొదట చెప్పి, పిమ్మట ఆ పరీక్ష యెట్టిదో, అందేమి యడుగుదురో, దానివలన రైతునకేమి లాభమో వివరింతుము.

మేము చేసిన తప్పు

కొన్ని యేండ్ల క్రిందట మా ప్రదర్శన క్షేత్రమున బావిగట్టుపై 5 అశ్వశక్తుల మోటారు నొకదానిని పెట్టించితిమి. పనిచేసిన మేస్త్రి ఇరువది యేండ్లుగా ఆ చుట్టుపట్ల గ్రామములలో మోటార్లు విప్పి కట్టుచున్నవాడు. చేతిపనిలో మంచి నేర్పరి. కాలిన మోటారును విప్పి, రాగితీగ తిరిగి చుట్టి, మూడవనాటికి నీరు పోయించగలవాడు. భూసంబంధమునకై అతడు గట్టున మూరెడు ఇనుపకడ్డీ నొకదానిని పాతి, దానికి తీగ చుట్టెను. రెండు గోతులు త్రవ్వించి రెండు భూసంబంధములు వేయించుట మంచిదని అక్కడికి వచ్చిన యొకరు చెప్పిరి. కూలి దండుగయని మేమే మాన్పించితిమి.

ఆ వానకాలమున ఫ్యూజు మాటిమాటికి పోవుచుండెను. ఎందుకు పోవుచున్నదో విచారింపక, ఎవరో అందు లావు రాగితీగ చుట్టిరి. దానితో ఫ్యూజు పోవుట మానెను, మేమును సంతోషించితిమి. కొన్ని దినములకు తీగ తొడుగు ఒరసికొని, లోని రాగి స్టార్టరు పెట్టె రేకునకు తగిలెను. నారుమడి దున్ని తోలుకొని వచ్చుచుండగా ముందున్న యెద్దు పెట్టె క్రింది బురదలో కాలు పెట్టినది. పెట్టిన చోటనే కూలినది. జీతగాని చేతినుండి పగ్గము జారిపోయినందున అతడు బ్రతికెను. అతడు ఒక్క యడుగు ముందుండినను ఈ వ్యాసమును మేము వేరొక విధముగా వ్రాయవలసి వచ్చెడిది.

మోటారు మాత్రము ఆ దినము వరకును చక్కగా తిరిగెను. ఇది గమనింపదగిన విషయము. నీరు పడుచున్నది కావున పని సరిగానున్నదని మేము నమ్మితిమి. మోటారు తిరుగుట వేరు, పని క్షేమముగా నుండుట వేరు. ఈ రెంటికి గల భేదమును కనుగొనుటకే యోగ్యతా పరీక్ష యేర్పడినది.

ఎద్దు చచ్చి మనిషి బ్రతుకుట యేల యని కొందరడిగిరి. తడినేలలోనికి విద్యుత్తు ప్రవేశించినపుడు, ప్రవేశించినచోట వోల్టేజి అధికముగా నుండి, దూరము పోయినకొలది తగ్గును. పశువు ముందుకాళ్ళకు వెనుకకాళ్ళకు నడుమ ఎడము ఎక్కువ. అందుచే ముందుకాళ్ళవద్ద ఒక వోల్టేజి, వెనుకకాళ్ళవద్ద వేరొక వోల్టేజి యేర్పడి, ఆ భేదమువలన ప్రవాహము గుండెమీదుగా పోవును. మనుష్యుని యడుగు పొట్టిది; పాదములకు చెప్పులుండును. కాని చేయి పెట్టెమీద వేసినవాడు మనుష్యుడైనను తప్పించుకొనలేడు. ఆంపియరులో వెయ్యవ వంతును మిల్లిఆంపియరు అందురు. 10 మిల్లిఆంపియర్ల ప్రాంతమున పట్టినచేయి విడివడక కండరములు బిగిసికొనును. 30 దాటినచో ప్రాణాపాయము. మన 5 అశ్వశక్తుల మోటారు నడచునపుడు తీసికొనునది 7 లేక 8 ఆంపియర్లు. ఒక మనుష్యుని చంపుటకు అందు ఎన్నవ వంతు చాలునో సభ్యులే లెక్కించుకొనవచ్చును.

జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించు లెక్కల ప్రకారము ఇటీవలి యేండ్లలో మన దేశమున విద్యుదాఘాతముచే మరణించువారు ఏటేట 10,000 మందికి మించియున్నారు.

చట్టమేమి చెప్పుచున్నది?

విద్యుత్పని ఎవడు పడితే వాడు చేయరాదనుట నేటి మాట కాదు. 1910 నాటి భారత విద్యుచ్చట్టము క్రింద 1956 లో చేయబడిన నిబంధనలలో 45 వది ఈ విషయమును స్పష్టముగా చెప్పినది. 2003 లో క్రొత్త విద్యుచ్చట్టము వచ్చినది. దాని ననుసరించి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 లోను, మరల 2023 లోను భద్రతా నియమములను ప్రకటించినది. ఇన్ని మార్పులు కలిగినను మూలసూత్రము మారలేదు. దానిని మూడు మాటలలో చెప్పవచ్చును.

మొదటిది: పనిని ఒప్పుకొనువాడు ప్రభుత్వము లైసెన్సిచ్చిన కంట్రాక్టరై యుండవలెను. రెండవది: పనిని దగ్గరనుండి చూచువాడు యోగ్యతాపత్రము గల సూపర్వైజరై యుండవలెను. మూడవది: చేతులతో పని చేయువాడు పర్మిట్టు గల వైర్‌మన్ అయియుండవలెను.

ఇంటిలో దీపము మార్చుట, పాడైన స్విచ్చికి బదులు అట్టిదే వేరొకటి వేయుట వంటి చిన్నపనులకు ఈ నిర్బంధము లేదు. కాని క్రొత్తగా తీగలు వేయుట, ఉన్నవానిని మార్చుట, మోటారును క్రొత్తగా పెట్టుట యనునవి దీనిలోనికి వచ్చును. లైసెన్సులు, పర్మిట్లు ఇచ్చు పని రాష్ట్రమున విద్యుత్ లైసెన్సు బోర్డునకును, ప్రమాదములను విచారించి భద్రతను పరీక్షించు పని ప్రభుత్వ ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి శాఖకును చెందియున్నవి.

వ్యవసాయ విద్యుత్తు 2004 నుండి మనకు ఉచితమైనది. తెలంగాణమున 2018 జనవరి 1 న వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ప్రారంభింపబడినది. బిల్లు లేనందున చాలమంది రైతులు మీటరునకు ఇవతలి పనికూడ ప్రభుత్వముదే యని తలచుచున్నారు. అది పొరపాటు. స్తంభము, ట్రాన్స్‌ఫార్మరు, పైతీగలు విద్యుత్సంస్థవి. మన స్టార్టరు పెట్టె, మన తీగ, మన మోటారు, మన భూసంబంధము మనవి. వాని మంచిచెడ్డలు మనమే చూచుకొనవలెను.

పత్రములన్నియు ఒకటి కావు

ఎద్దు చచ్చిన మరునాడు మేస్త్రి మా యింటికి వచ్చెను. తప్పు తనదేయని చెప్పెను. తప్పు మాదియును అని మేము చెప్పితిమి. తరువాత పరీక్ష మాట యెత్తగా అతడు కొంత నొచ్చుకొని, "ఇరవై ఏండ్ల సంది మోటార్లు కడుతున్న సారూ, ఇప్పుడు నాకు పరీక్షనా?" అనెను. అతని తమ్ముడు అప్పటికే పదవ తరగతి ముగించి ఇంటనుండెను. ఇరువురికి ఏ మార్గములు కలవో విచారించితిమి. మేము తెలిసికొన్నది సభ్యులకుపయోగించును.

మొదటిది ఐటిఐ మార్గము. చేతిపనులు నేర్పు ఈ పథకము మన దేశమున 1950 లో మొదలైనది. ఎలక్ట్రీషియన్ వృత్తికి పదవ తరగతి ముగించిన పిమ్మట రెండేండ్లు చదువవలెను. చివర అఖిల భారత వృత్తి పరీక్ష యుండును. ఉత్తీర్ణుడైనవానికి జాతీయ వృత్తి పత్రము లభించును. 1961 నాటి అప్రెంటీసు చట్టము క్రింద ఏదేని కర్మాగారమున పని నేర్చి, దాని పరీక్షలో గెలుపొందినచో జాతీయ అప్రెంటీసు పత్రము లభించును. వైర్‌మన్ పర్మిట్టునకు దరఖాస్తు పెట్టునపుడు ఇట్టి పత్రములే ప్రధానమైన ఆధారములు.

రెండవది పూర్వానుభవమును గుర్తించు మార్గము. బడిలో నేర్వక పనిలోనే నేర్చినవారికిది యేర్పడినది. కేంద్ర ప్రభుత్వము 2015 లో ప్రారంభించిన కౌశల్ వికాస్ యోజనలో ఇదియొక భాగము. కొలది గంటల బోధన చేసి, లోపములను చెప్పి, పిదప పరీక్షింతురు. బోధించినవాడు పరీక్షింపడు, పరీక్షకుడు వేరొక సంస్థ పంపినవాడై యుండును. ఈ యేర్పాటు మాకు మిక్కిలి నచ్చినది.

అయితే ఇచ్చట ఒక హెచ్చరిక. పూర్వానుభవ పత్రము వైర్‌మన్ పర్మిట్టు కాదు. మొదటిది ఇతనికి పని వచ్చునని చెప్పును. రెండవది ఇతడీ పని చట్టరీత్యా చేయవచ్చునని చెప్పును. మొదటిదానిని చూపి "నేను రిజిస్టరైన ఎలక్ట్రీషియన్‌ను" అని చెప్పువాని మాట నమ్మరాదు. ఐటిఐ చదువనివారు పర్మిట్టు కోరినచో, అనుభవమున కెంత విలువ నిత్తురో, పరీక్ష యెప్పుడో బోర్డువారి ప్రకటన చూచి తెలిసికొనవలెను. మధ్యవర్తికి సొమ్మిచ్చి పత్రము కొనుట మహాపరాధము. అట్టి పత్రము గలవాడు పత్రము లేనివానికంటె ప్రమాదకరుడు. ఏలయన వానిని మనము నమ్ముదుము.

తమ్ముడు ఐటిఐలో చేరెను. అన్న పూర్వానుభవ పరీక్షకు సికింద్రాబాదు పోవుటకు ఒప్పుకొనెను.

సికింద్రాబాదున పరీక్ష

మేస్త్రికి సికింద్రాబాదు క్రొత్త కాదు. జూబిలీ బస్సు స్టేషనులో దిగి రాణిగంజికి పోవు దారి అతడు కన్నులు మూసికొని పోగలడు. మోటార్లు, పంపులు, బేరింగులు, చుట్టుడు తీగ అమ్ము రాణిగంజి దుకాణములవారు అతనిని పేరుపెట్టి పిలుతురు. ఇరువది యేండ్లుగా సరకుకై పోయిన యూరికి ఆ దినము పత్రమునకై పోయెను. మేమును తోడుపోయితిమి.

పనివానిని పరీక్షించుట ఆ నగరమునకు అలవాటైన పని. 1966 నుండి దక్షిణ మధ్య రైల్వేకు సికింద్రాబాదే ముఖ్యస్థానము. రైల్వే కర్మాగారములలో పనివాడు ఒక తరగతినుండి పై తరగతికి పోవలెనన్న ట్రేడ్ టెస్టు ఇయ్యవలెను. రైళ్ళను నడపు పైతీగలో 25,000 వోల్టులుండును. యోగ్యతాపత్రము లేనివానిని ఆ తీగల పనికి పోనియ్యరు. పత్రమున్నవాడును తీగ నిర్జీవమైనదని వ్రాతమూలమైన అనుమతి చేతికి వచ్చువరకు దానిని ముట్టరాదు. 25,000 వోల్టులకు అంత జాగ్రత్త యున్నది. మన పొలమున రెండు ఫేజుల నడుమనుండు సుమారు 400 వోల్టులకు జాగ్రత్త యేమియు లేదు. ప్రాణము తీయుటకు ఈ 400 చాలును. ఇంటిలోని 230 యును చాలును.

పరీక్ష రెండు భాగములుగా జరిగెను. మొదటిది ప్రశ్నలు. అశ్వశక్తి యన నెన్ని వాట్లు? (746.) స్విచ్చి ఏ తీగమీద నుండవలెను? (ఫేజు తీగమీద, న్యూట్రలు మీద నున్నచో దీపమారినను దానిలో ప్రాణము మిగిలియుండును.) మూడు ఫేజులలో ఒకటి పోయినచో మోటారున కేమగును? (ఆగియున్నది బయలుదేరదు, తిరుగుచున్నది మిగిలిన రెంటినుండి అధికమైన కరెంటు లాగికొని కాలిపోవును.) ఆకుపచ్చ తీగ దేనికి? (భూసంబంధమునకు, దానిని వేరు పనికి వాడరాదు.) మేస్త్రి వీనికి తడబడక జవాబు చెప్పెను.

రెండవది చేతిపని. ఒక మోటారు, ఒక స్టార్టరు, తీగలు ఇచ్చి కట్టుమనిరి. అతడు అందరికంటె ముందుగా కట్టెను. మోటారు తిరిగెను. అతని ముఖమున సంతోషము కనబడెను. పరీక్షకుడు పిలిచి, "మీరు పని మొదలుపెట్టునప్పుడు ఆ తీగలో కరెంటు లేదని మీకెట్లు తెలిసినది?" అని యడిగెను. "మెయిన్ బంద్ చేసిన గద సారూ" అని మేస్త్రి చెప్పెను. "బంద్ చేసిన పిమ్మట పరీక్షించితిరా?" "లేదు." "వేరొకరు వచ్చి మరల వేయకుండ తాళము వేసితిరా? పలక కట్టితిరా?" "లేదు." "మోటారు నిన్సులేషను కొలిచితిరా?" "తిరుగుతుంది గద సారూ!"

ఆ మాటకు మాకు మా యెద్దు జ్ఞప్తికి వచ్చెను.

పరీక్షకుడు కోపగింపలేదు. కాగితమున ఆ మూడు అంశములకు గుర్తులు వేయలేదు. అవి భద్రతకు సంబంధించినవి కావున మిగిలిన పని యెంత బాగుండినను ఉత్తీర్ణుడు కాలేదని తెలిపెను. తిరుగుదారిలో బస్సునందు మేస్త్రి మాటాడలేదు. ఊరు దగ్గరకు వచ్చిన తరువాత, "ఆయన అడిగిందాంట్ల తప్పు లేదు సారూ. నాకే ఎవ్వరు నేర్పలే" అనెను. చిన్ననాడు మిషను బడిలో మా లెక్కల ఉపాధ్యాయులు, జవాబు సరిగా వచ్చినను చేసిన తీరు చూపనిచో మార్కు లిచ్చెడివారు కారు. ఆ న్యాయము మాకు ఆ దినమున బోధపడెను.

అతడు నేర్చికొన్న నాలుగు విషయములు

రెండవమారు పోవుటకు ముందు అతడు నాలుగు విషయములు సాధన చేసెను. రైతు ఈ నాలుగింటిని తెలిసికొన్నచో, పనివాడు సరిగా చేయుచున్నాడో లేదో తానే చూచుకొనగలడు.

1. తీగ నిర్జీవమైనదని రుజువు చేసికొనుట. మెయిన్ తీసి, ఫ్యూజులు మూడును ఊడదీసి జేబులో వేసికొని, పెట్టెకు తాళము వేయవలెను. పిమ్మట టెస్టరును మొదట కరెంటున్నచోట పెట్టి, అది పనిచేయుచున్నదని చూచుకొనవలెను. తరువాత తాను పని చేయబోవు తీగలను మూటిని చూడవలెను. మరల కరెంటున్నచోట పెట్టి టెస్టరు చెడలేదని చూడవలెను. చెడిన టెస్టరును నమ్మి తీగ పట్టుకొనినవాడు తిరిగి చెప్పుటకుండడు. ఆటో స్టార్టరున్నచోట ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను. కరెంటు వచ్చినవెంటనే మోటారు దానంతట బయలుదేరును గనుక, కరెంటు లేదుగదా యని బావిలో దిగి పని చేయువాడు మృత్యుముఖమున నున్నట్లే.

2. ఇన్సులేషను కొలుచుట. దీనికి మెగ్గరను పరికరము కలదు. 500 వోల్టులతో ఒక నిమిషముసేపు కొలిచినపుడు తీగకు భూమికి నడుమ ఒక మెగోముకు, అనగా పది లక్షల ఓములకు, తక్కువ చూపరాదు. మా స్టార్టరు పెట్టెలోని తీగను వానకు ముందు ఒక్కమారు కొలిచియుండిన, తొడుగు చెడుచున్నదని అప్పుడే తెలిసెడిది. క్రొత్తగా చుట్టిన మోటారును మెగ్గరు పెట్టక ఇంటికి తెచ్చుకొనరాదు.

3. భూసంబంధము. మూడు ఫేజుల మోటారు దేహమునకు రెండు వేర్వేరు భూసంబంధములుండవలెనని నియమము. ఒకటి తెగినను రెండవది కాపాడును. తేమ తగులు లోతువరకు గొయ్యి త్రవ్వి, సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసము, రెండున్నర మీటర్ల పొడవుగల జస్తాపూత గొట్టమును నిలిపి, దానిచుట్టు బొగ్గును ఉప్పును పొరలు పొరలుగా నింపవలెను. గొట్టము పైకొన వేసవిలో నీరు పోయుటకు వీలుగా నుండవలెను. మా క్షేత్రమున రెండు గోతులు త్రవ్వించుటకు పట్టినది ఇద్దరు కూలీల ఒక దినపు పని. ఎద్దు వెలతో పోల్చి చూడుడు. బోరులోపలి మోటారునకు పై స్టార్టరు పెట్టెను, పైకి వచ్చు ఇనుపగొట్టమును భూమితో కలుపవలెను. ఒక ఫేజు తీగను మాత్రము తీసికొని, రెండవకొనను నేలలో కడ్డీకి కట్టి దీపము వెలిగించుకొను దురలవాటు కొన్ని పొలములలో కలదు. అట్టి కడ్డీ దగ్గరి తడినేల పశువులకును పిల్లలకును ఉరిత్రాడు.

4. ఫ్యూజు. ఫ్యూజు కాలుట దోషము కాదు, దోషమున్నదని చెప్పుట. మోటారు తీసికొను కరెంటునకు తగిన తీగయే వేయవలెను. లావుతీగ వేయుట, కుక్క మొరుగుచున్నదని దాని నోరు కట్టి దొంగను లోనికి రానిచ్చుట వంటిది.

రెండు నెలలకు మరల సికింద్రాబాదు పోయి పరీక్షకు కూర్చుండెను. ఈమారు అందరికంటె కడపట ముగించెను. ఉత్తీర్ణుడయ్యెను.

పత్రము వచ్చినపిమ్మట

పత్రము వచ్చినంతమాత్రమున అతడు ఒంటరిగా పనులు ఒప్పుకొనుట మొదలుపెట్టలేదు. లైసెన్సు గల కంట్రాక్టరొకరి క్రింద చేరెను. క్రొత్త మోటారు పెట్టించునపుడు ఆ కంట్రాక్టరు వచ్చి చూచి, కొలతలు వ్రాసి, పరీక్షా పత్రముపై సంతకము చేయును. తమ్ముడు రెండేండ్లు చదివి, జాతీయ వృత్తి పత్రము పొంది, వైర్‌మన్ పర్మిట్టు తెచ్చుకొనెను. నేడు అన్న అనుభవము, తమ్ముని పర్మిట్టు కలిసి ఆ చుట్టుపట్ల గ్రామములకు పనికివచ్చుచున్నవి.

పర్మిట్టున్నవాడు గూడ చేయరాని పనులు కొన్ని కలవు. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజులు వేయుట, స్తంభమెక్కుట, పైతీగలకు కొక్కెములు తగిలించుట అతని పని కాదు. రైతుపని అంతకన్న కాదు. ట్రాన్స్‌ఫార్మరు పైభాగమున 11,000 వోల్టులుండును. ఆ పనికి విద్యుత్సంస్థ ఉద్యోగి, సబ్‌స్టేషనునుండి లైను క్లియరు తీసికొని, రావలెను. లైన్‌మన్ రాక ఆలస్యమైనదని, పైరెండుచున్నదని, కర్రపట్టుకొని ట్రాన్స్‌ఫార్మరు వద్దకు పోయి తిరిగిరాని రైతుల వార్తలు మనము ప్రతి సంవత్సరము పత్రికలలో చదువుచున్నాము. ఒక తడి తప్పిన పైరు కొంత తగ్గునుగాని, ఇంటి యజమాని పోయిన కుటుంబము కోలుకొనుట కష్టము.

ఇంకొక మాట. అడవిపందులు మొక్కజొన్నను పాడుచేయుచున్నవని చేనుచుట్టు తీగకు కరెంటు పెట్టుమని మేస్త్రి నడుగువారు గలరు. పూర్వము అతడు కూడ ఒకటి రెండు మారులు అట్లు పెట్టినట్లు మాతో ఒప్పుకొనెను. ఆ తీగకు పంది తగులునో, రాత్రి నీరు కట్టవచ్చిన పొరుగు రైతు తగులునో తీగకు తెలియదు. మనుష్యుడు చచ్చినచో పెట్టించినవాడును పెట్టినవాడును నేరస్థులగుదురు. ఇప్పుడెవరైన నడిగినచో అతడు, "నా పత్రం పోతది, మీ పొరుగాయన పానం పోతది, నేను పెట్ట" అని చెప్పి వచ్చుచున్నాడు. పరీక్షవలన గ్రామమునకు కలిగిన లాభములలో ఇది మొదటిదని మా యభిప్రాయము.

సంఘము చేయవలసిన పని

సహకార సంఘములకు విద్యుత్తుతో పనియేమి యని కొందరడుగవచ్చును. 1970 లో సిరిసిల్లయందు సభ్యులు తమదిగా విద్యుత్సరఫరా సహకార సంఘము నేర్పరచుకొనిరి. దేశమున గ్రామములకు విద్యుత్తు నిచ్చుటకై మొట్టమొదట పుట్టిన అట్టి సంఘములలో అది యొకటి. మగ్గములకును మోటార్లకును కరెంటు పంచుట వంటి పెద్దపనిని రైతులు, నేతపనివారు కలిసి చేయగలిగినపుడు, ఊరికొక పరీక్షితుడైన పనివానిని తయారుచేసికొనుట మనకు అసాధ్యమా?

మన సంఘము మూడు పనులు చేయవచ్చునని మేము సూచించుచున్నాము. మొదటిది, పదవ తరగతి ముగించిన యువకునొకనిని ఐటిఐకి పంపుటకును, పాతపనివానిని పరీక్షకు పంపుటకును దారిఖర్చు, రుసుములు అప్పుగా నిచ్చుట. పరీక్షదినమున పనివాడు కూలి పోగొట్టుకొనును. ఆ భారమును సంఘము భరించిన నతడు సంతోషముగా పోవును. రెండవది, సంఘము పేర ఒక మెగ్గరు కొని కార్యాలయమున నుంచుట. ట్రాక్టరును పంచుకొన్నట్లే దీనినిగూడ పంచుకొనవచ్చును. మూడవది, పర్మిట్టుగల పనివారి పేర్లును, లైసెన్సు గల కంట్రాక్టర్ల పేర్లును, పర్మిట్టు గడువు తేదీతో కూడ, సంఘపు గోడమీద వ్రాయించుట. గడువు దాటినది పత్రము కాదు.

ఇక సభ్యుడు స్వయముగా చేయవలసినది ఒక్కటియే. మోటారు పనికి వచ్చినవానిని కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, పని మొదలుపెట్టకముందే, "మేస్త్రీ, నీ పర్మిట్టు చూపుము" అని యడుగవలెను. అందులకు నొచ్చుకొనువాడు మొదట నొచ్చుకొనును. మా మేస్త్రియు నొచ్చుకొనెను. అడుగువారు పదిమందియైనచో పరీక్షకు పోవువారును పదిమంది యగుదురు. పని ముగిసిన పిమ్మట మోటారు తిరుగుచున్నదా యని మాత్రమే చూడక, భూసంబంధము లెన్ని, ఫ్యూజులో నేతీగ, మెగ్గరు ఎంత చూపినది యని యడిగి, ఆ మూడును ఒక కాగితమున వ్రాయించి, స్టార్టరు పెట్టె తలుపు లోపల అంటించుకొనవలెను.

మా క్షేత్రమున నేడట్టి కాగితము కలదు. వానలు పడకముందే మేస్త్రి వచ్చి, కొలిచి, తేదీ వేసి పోవును. ఆ సమయమున మా జీతగాడు దగ్గర నిలిచి, ముల్లు ఎక్కడ నిలిచినదో తానుగూడ వంగి చూచును.